పాత ఇటాలియన్ సినిమా మొదట్లో తితానుస్ డాలు లేకపోతే, సినిమాను కోసేసినట్టేనా?

1963 నాటి ఇటాలియన్ సినిమా డిస్కులో తితానుస్ అనే ఇటాలియన్ సినిమా కంపెనీ వారి డాలు గుర్తుకు బదులు వేరే కంపెనీ లోగో వస్తోందని, లోపల కూడా కోతలున్నాయేమోనని అడిగారు. లోగో మారిందని సినిమా కోతపడిందనుకోకండి. అవి రెండూ వేర్వేరు విషయాలు.

లోగో అంటే మొదటి రీలు తలకు అతికించిన చిన్న ముక్క. పది సెకన్ల లోగో 35 ఎం.ఎం.లో 240 ఫ్రేములు, అంటే 15 అడుగులు. సినిమా కొన్న విదేశీ పంపిణీదారు దాన్ని తీసి తన లోగో పెట్టుకోవడం మామూలే. తితానుస్ తీసిన 'ఇల్ గత్తోపార్దో'ను అమెరికాలో ఫాక్స్ కంపెనీ విడుదల చేసినప్పుడు ఇంగ్లీషులోకి డబ్ చేసి 161 నిమిషాలకు కుదించింది. అసలు కోత అలాంటిది.

లోగోను ప్రింటు మీదే కత్తిరించారో లేదో చెవికి తెలిసిపోతుంది. ప్రింటులో శబ్దం తన బొమ్మ కంటే సుమారు 20 ఫ్రేములు ముందుంటుంది. కాబట్టి టైటిల్స్ సంగీతం మొదటి ముక్క లోగో చివరి ఫ్రేముల పక్కనే ఉంటుంది. లోగో బొమ్మ ముగిసే గీత దగ్గర కోస్తే సుమారు 0.8 సెకను సంగీతం కూడా పోతుంది. పాట స్వరం మధ్యలో ఠక్కున అందుకుంటుంది. ల్యాబ్‌లో బొమ్మ నెగెటివ్, సౌండ్ నెగెటివ్ విడివిడిగా సరిచేసి కొత్త ప్రింటు వేస్తే ఈ తేడా వినపడదు. అప్పుడు కంటిని నమ్మాలి: స్కోప్ సినిమాలో (ఫిల్ము మీద నొక్కిన బొమ్మను లెన్సుతో వెడల్పుగా సాగదీసి చూపేది) లోగో ఒక్కటే అడ్డంగా సాగి, గుండ్రటి బొమ్మ కోడిగుడ్డులా కనిపిస్తే, మామూలు ఫ్రేము లోగోను తర్వాత తెచ్చి అతికించారన్నమాట.

నిడివితో మాత్రం లోగో సంగతి తేల్చలేరు, పది సెకన్లు ఎక్కడా ఆనవు. లోపలి కోతలకైతే అది పనికొస్తుంది. ఇటలీ సెన్సార్ పత్రాల్లో నిడివి మీటర్లలో ఉంటుంది, దాన్ని 27.36తో భాగిస్తే నిమిషాలొస్తాయి. 2,736 మీటర్లు సరిగ్గా 100 నిమిషాలు. సినిమా సెకనుకు 24 ఫ్రేములైతే, పాల్ డిస్కు (ఐరోపా టీవీ పద్ధతిలో చేసిన డీవీడీ) సెకనుకు 25 ఫ్రేములతో నడుస్తుంది కాబట్టి అదే సినిమా అందులో 96 నిమిషాలే చూపిస్తుంది. ఆ నాలుగు నిమిషాలు కోత కాదు, చాలామంది పొరబడేది ఇక్కడే.

ఇంకో మాట. ఫ్రాన్స్‌తో కలిసి తీసిన సినిమా అయితే ఫ్రెంచి ప్రతి తరచుగా ఫ్రెంచి కంపెనీ పేరుతోనే మొదలవుతుంది. అదీ అసలు ప్రతే. డాలు కావాలంటే ఇటాలియన్ టైటిల్స్ ఉన్న ప్రతినే వెతకండి.