చిన్న మోడల్ తెస్తే లగ్జరీ కారు పేరు పోతుందా?

ప్రశ్న: "బెంజ్, బీఎండబ్ల్యూ, ఆడి వాళ్లు 40 లక్షల కార్లు కూడా అమ్ముతున్నారు. అందరి చేతిలోనూ కనబడితే ఇక ఆ పేర్లకు ప్రత్యేకత ఏముంటుంది?"

అందరి చేతిలో కనబడినంత మాత్రాన పేరు పోదు. ఏ పని వల్ల ఆ పేరు వచ్చిందో, ఆ పనినే వదిలేస్తే పోతుంది. బీఎండబ్ల్యూ 3 సిరీస్ 1975 నుంచి లక్షల్లో అమ్ముడవుతూనే ఉంది, కంపెనీ గౌరవం దానివల్ల పెరిగింది. ముందు నిలువుగా (బండి పొడవు వెంబడి) ఇంజిన్, వెనక చక్రాలకు డ్రైవ్, రెండు యాక్సిళ్ల మీద దాదాపు సగం సగం బరువు: పెద్ద కారులోని పద్ధతే చిన్న కారులోనూ ఉంచారు.

పేరును దెబ్బతీసిన కారు చూడాలంటే జాగ్వార్ ఎక్స్-టైప్. జాగ్వార్‌ను 1989లో ఫోర్డ్ కొంది. 2001లో ఫోర్డ్ మాండియో ప్లాట్‌ఫామ్ (కారు అడుగు నిర్మాణం) మీద ఈ కారును తయారుచేసి, అంతకుముందు ఫోర్డ్ ఎస్కార్ట్ కార్లు తయారైన హేల్‌వుడ్ ఫ్యాక్టరీలోనే ఉత్పత్తి మొదలుపెట్టారు. బయటికి చూస్తే జాగ్వార్ పెద్ద కారు ఎక్స్‌జేను కుదించినట్టు ఉంటుంది. మొదట నాలుగు చక్రాల డ్రైవ్‌తో వచ్చింది, మరుసటి ఏడాదే ముందు చక్రాల డ్రైవ్ కూడా పెట్టారు. జాగ్వార్‌లో అలాంటిది అదే మొదటిసారి. ఏటా లక్ష కార్లు అమ్మాలన్నది లక్ష్యం. అన్నిటికంటే బాగా అమ్ముడైన 2003లో కూడా సుమారు సగమే పోయాయి. 2009లో ఆపేశారు.

నిజానికి అది నడపడానికి చెడ్డ కారు కాదు. ప్లాట్‌ఫామ్ పంచుకోవడమే తప్పని నేను అనను. తప్పంతా ఆ లక్ష అన్న అంకెలో ఉంది. అది ఫ్యాక్టరీ నిండడానికి వేసుకున్న లెక్క, అన్ని జాగ్వార్లు కావాలని జనం అడిగింది లేదు.

అంకెను వెంటాడితే జరిగేది ఇది. ఎక్స్-షోరూమ్ 45 లక్షల కారు అనుకోండి. ఏడాది చివర్లో స్టాక్ మిగిలితే డీలర్ 6 లక్షలు తగ్గించి 39కి ఇస్తాడు. ఆ రోజు నుంచి సెకండ్ హ్యాండ్ ధర 45 నుంచి కాదు, 39 నుంచి లెక్కిస్తారు. ఆర్నెల్ల కిందట పూర్తి ధర పెట్టి కొన్నవాడికి, బండి కొత్తగా ఉండగానే, తన ప్రమేయం లేకుండా 6 లక్షలు పోయినట్టే. అతను మళ్లీ ఆ షోరూమ్ మెట్లెక్కడు. రీసేల్ పడితే లీజు కంపెనీలు నెలవారీ కిస్తీ పెంచుతాయి, దాన్ని తగ్గించడానికి కంపెనీ ఇంకా డిస్కౌంట్ ఇస్తుంది. లోగో మసకబారడం ఇక్కడ మొదలవుతుంది.

కాడిలాక్ సిమరాన్ (1982 మోడల్) అయితే మరీ ఘోరం. షెవర్లే కావలియర్‌కే తోలు సీట్లు వేసి, 88 హార్స్‌పవర్ ఇంజిన్‌తో కాడిలాక్ అన్నారు. పేరు గొప్ప, ఊరు దిబ్బ. 1988తో ముగిసింది.

పోర్షా ఎస్‌యూవీ కయెన్ దీనికి సరిగ్గా ఎదురు. 2002లో ఫోక్స్‌వ్యాగన్ టూరెగ్‌తో ప్లాట్‌ఫామ్ పంచుకునే వచ్చింది. కానీ మొదట సొంత వీ8 ఇంజిన్‌తో, టూరెగ్ కంటే ఎక్కువ ధరకు వచ్చింది. పోర్షాకు పేరు తెచ్చిన స్పోర్ట్స్ కారు 911ను మాత్రం ముట్టుకోలేదు: ఇంజిన్ ఇప్పటికీ వెనకే. 2023లో పోర్షా 3.2 లక్షల కార్లు అమ్మితే అందులో 911లు సుమారు 50 వేలు. ఎస్‌యూవీల డబ్బే ఆ 911ను బతికిస్తోందని నా అభిప్రాయం.

మన దగ్గరి ఉదాహరణ: డైమ్లర్ (అప్పటి బెంజ్ మాతృసంస్థ), రెనో-నిస్సాన్ కలిసి రూపొందించిన 1.3 లీటర్ టర్బో పెట్రోల్ ఇంజిన్. 2020లో 15 లక్షల లోపు రెనో డస్టర్‌లో 156 హార్స్‌పవర్‌తో వచ్చింది. మరుసటి ఏడాది 40 లక్షల దగ్గర బెంజ్ ఏ-క్లాస్ లిమోసిన్‌లో అదే కుటుంబం ఇంజిన్ 163 హార్స్‌పవర్‌తో వచ్చింది. మంచి ఇంజినే. అయితే బెంజ్ అని మీరు కట్టే అదనపు డబ్బు క్యాబిన్‌కూ గేర్‌బాక్స్‌కూ భద్రతకూ వెళ్తోందని తెలిసి కట్టండి. 2022లో బెంజ్ కూడా చిన్న కార్ల బాడీ రకాలను ఏడు నుంచి నాలుగుకు తగ్గిస్తామని చెప్పింది.

కొనేముందు మీరే చూసుకోవచ్చు. బానెట్ ఎత్తండి: ఇంజిన్ బెల్ట్ బంపర్ వైపు ఉంటే నిలువు ఇంజిన్, పక్క చక్రం వైపు ఉంటే అడ్డం ఇంజిన్. ముందు చక్రానికీ తలుపుకీ మధ్య ఖాళీ చూడండి. 3 సిరీస్‌లో అది బాగా ఎక్కువ, ముందు చక్రాల డ్రైవ్ ఉన్న 2 సిరీస్ గ్రాన్ కూపేలో తక్కువ. వెనక వంగి చూస్తే రెండు చక్రాలను కలుపుతూ ఒకే దూలం ఉంటే అది టార్షన్ బీమ్, విడివిడి కడ్డీలుంటే మల్టీలింక్. గతుకుల రోడ్డు మీద వెనక సీటులో కూర్చున్నవాళ్లకు తేడా తెలుస్తుంది. ఖాళీ రోడ్డు మీద స్టీరింగ్ తిప్పి ఉంచి ఒక్కసారిగా యాక్సిలరేటర్ నొక్కండి. స్టీరింగ్ చేతిలో లాగుతుంటే ముందు చక్రాలే బండిని ఈడుస్తున్నాయి.

ఆడికి బానెట్ పరీక్ష పనికిరాదు. ఏ4లో ఇంజిన్ నిలువుగా ఉన్నా మామూలు రకాల్లో డ్రైవ్ ముందుకే. అక్కడ క్వాట్రో (ఆడి నాలుగు చక్రాల డ్రైవ్) గురించి అడగాలి. ఏ3 సైజు కార్లలో క్వాట్రో అంటే అవసరమైనప్పుడు వెనక చక్రాలను కలిపే క్లచ్, పెద్ద ఆడిల్లో సంప్రదాయంగా మధ్యలో డిఫరెన్షియల్ (ముందు, వెనక చక్రాలకు శక్తిని పంచే గేర్లు). బ్యాడ్జ్ ఒకటే, లోపలి పనితనం వేరు.

చివరగా రీసేల్. మీకు కావలసిన మోడల్‌లో రెండు, మూడేళ్ల పాత బండ్లు ఐదారు చూసి, అప్పటి అసలు ఇన్‌వాయిస్ చూపించమని యజమానిని అడగండి. ఇప్పుడు చెబుతున్న ధరను దాంతో పోల్చాలి, బ్రోషర్ ధరతో కాదు.