మార్పులు చేయిస్తే బండి సంపాదన పెరుగుతుందా?

ప్రశ్న: మాది వనస్థలిపురం. రెండేళ్ల కిందట 2021 మోడల్ బొలెరో పికప్, 1.7 టన్నులది, ఫైనాన్స్‌లో కొన్నాను. తెల్లవారుజామున బాటసింగారం పండ్ల మార్కెట్ నుంచి కొత్తపేట, దిల్‌సుఖ్‌నగర్ దుకాణాలకు సరుకు చేరవేస్తాను. మధ్యాహ్నం నుంచి ఇల్లు మారేవాళ్ల సామాను, ఫర్నిచర్ కిరాయిలు చూసుకుంటాను. నెలకు 72,000 వస్తుంది. అందులో పండ్ల మార్కెట్‌దే 42,000. డీజిల్‌కు 26,000, ఈఎంఐకి 14,200, ఇంటి అద్దెకు 9,000, ఇంటి ఖర్చులకు 16,000 పోతుంది. ఈఎంఐ ఇంకా 20 నెలలు ఉంది. దాచుకున్నది 70,000. ఆటోనగర్‌లో ఒక షెడ్డు వాళ్లు క్లోజ్డ్ బాడీకి (సరుకు భాగాన్ని రేకులతో మూసేయడానికి) 95,000, బండి బరువు మోసే స్ప్రింగులకు అదనంగా వేసే కమాన్ పట్టీలకు 14,000, అల్లాయ్ వీల్స్, వెడల్పు టైర్లకు 52,000, రంగులు, లైట్లు, మ్యూజిక్ సిస్టమ్‌కు 24,000, మొత్తం 1,85,000 చెప్పారు. 2,000 అడ్వాన్సు ఇచ్చాను. క్లోజ్డ్ బండి ఉంటే నెలకు 6,000 అదనంగా వచ్చే పని ఇప్పిస్తానని ఒక పార్సిల్ ఏజెంటు అంటున్నాడు. తక్కువ పడే 1,15,000 తెలిసినవాళ్ల దగ్గర నూటికి రెండు రూపాయల వడ్డీకి దొరుకుతుంది. మా బావమరిది చేయించమంటున్నాడు, మా ఆవిడ వద్దంటోంది. ఏం చేయమంటారు?

జవాబు: ఇంత వివరంగా లెక్కలు రాసి పంపినందుకు ముందు మీకు ధన్యవాదాలు. సొంత బండి మీద బతికేవాళ్లలో నెల నెలా ఖర్చు ఇలా రాసి పెట్టుకునేవాళ్లు తక్కువ. నా సలహా మొదటే చెబుతాను. ఈ 1,85,000 పని ఇప్పుడు చేయించకండి, అందుకోసం అప్పు అసలే తేకండి. అయితే బండి మీద ఒక్క రూపాయి కూడా పెట్టవద్దని నేను అనడం లేదు. ఎక్కడ పెట్టాలో, ఎక్కడ వద్దో మీ అంకెలే చెబుతున్నాయి.

మీరు రాసిన ఖర్చులన్నీ కలిపితే 65,200. వచ్చే 72,000లోంచి అది తీసేస్తే 6,800 ఉంటుంది. దాన్నే మీరు మిగులు అనుకుంటున్నారు, అప్పు తీర్చగలననే ధైర్యమూ అక్కడి నుంచే వచ్చింది. కానీ ఈ లెక్కలో బండి సొంత ఖర్చులు లేవు. మీలాంటి బండికి ఏడాది ఇన్సూరెన్స్ 30,000 అనుకుందాం. 7,500 కిలోల లోపు సరుకు రవాణా వాహనాలకు ఒక్క థర్డ్ పార్టీ ప్రీమియమే 16,000 దాటి ఉంటుంది కాబట్టి ఇది ఎక్కువ అంచనా కాదు. అంటే నెలకు 2,500. సర్వీసు, ఆయిలు, చిన్నా చితకా రిపేర్లకు నెలకు 2,000. ఏడాదిన్నరకు ఒకసారి నాలుగు టైర్లకు 28,000 అనుకుంటే నెలకు 1,550. బండి పన్ను, ఫిట్‌నెస్, పొల్యూషన్ సర్టిఫికెట్ అన్నీ కలిపి నెలకు 500. మొత్తం 6,550. ఈ అంకెల్లో మీ అసలు బిల్లులు పెట్టి సరిచూసుకోండి, పెద్ద తేడా రాదు. అంటే మీకు నెలకు నిజంగా మిగిలేది 250 రూపాయలు.

ఇప్పుడు అప్పు సంగతి చూద్దాం. నూటికి రెండు రూపాయలంటే ఏడాదికి 24 శాతం. 1,15,000కు నెలకు 2,300 వడ్డీ, ఏడాదికి 27,600. అంత కట్టినా అసలులో ఒక్క రూపాయి తగ్గదు. 250 మిగిలే చోట 2,300 ఎక్కడి నుంచి వస్తుంది? ఇన్సూరెన్స్ కోసం పక్కన పెట్టాల్సిన డబ్బు నుంచి వస్తుంది. రెన్యువల్ నెలలో మళ్లీ చేతి అప్పు చేయాల్సి వస్తుంది. బండి బాగా నడుస్తున్నా, గిరాకీ తగ్గకపోయినా అప్పుల్లో పడే డ్రైవర్లను నేను చూశాను. చాలామంది విషయంలో మొదలైంది ఇలాగే.

షెడ్డు వాళ్లు చెప్పిన పనుల్లో నన్ను అన్నిటికంటే కలవరపెట్టింది 14,000 రూపాయల కమాన్ పట్టీలే. అదనపు పట్టీలు వేస్తే రెండున్నర టన్నులు వేసుకోవచ్చని, ఒక్క ట్రిప్పుకు 400 ఎక్కువ వస్తుందని మీరు రాశారు. పట్టీలు వేస్తే బండి వెనక భాగం కిందికి కుంగదు, అంతవరకు నిజమే. కానీ ఆ బరువును ఆపాల్సిన బ్రేకులు, మోయాల్సిన యాక్సిల్, ఛాసిస్, నేలను పట్టుకోవాల్సిన టైర్లు 1.7 టన్నుల లెక్కతో తయారైనవే. విజయవాడ హైవే మీద తెల్లవారుజామున ముందు వెళ్లే లారీ ఉన్నట్టుండి ఆగితే, ఎనిమిది వందల కిలోల అదనపు బరువుతో మీ బండి ఎక్కడ ఆగుతుందో ఊహించండి. పైగా ఆర్‌సీలో రాసి ఉన్న బరువు, పట్టీలు వేసినంత మాత్రాన మారదు. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 194 ప్రకారం అధిక లోడుకు జరిమానా 20,000, దాని మీద ప్రతి అదనపు టన్నుకు 2,000. అదనపు సరుకు దించేదాకా బండిని కదలనివ్వరు. మామిడి క్రేట్లు రోడ్డు పక్కన దించి మరో బండి కోసం ఎదురుచూస్తే ఆ దుకాణదారు మళ్లీ మీకు ఫోన్ చేస్తాడా? ఒక్కసారి పట్టుబడితే యాభై ట్రిప్పుల మీద వచ్చిన అదనపు సొమ్మంతా పోతుంది. ప్రమాదమే జరిగితే బీమా కంపెనీ ముందుగా చూసేవి లోడు బరువు, బండిలో చేసిన మార్పులు. వాళ్లకు తెలియజేయని మార్పు బయటపడితే మీ బండి నష్టానికి క్లెయిము రాకుండా పోయే ప్రమాదం ఉంది. బండి పోయినా ఈఎంఐ ఆగదు.

ఆ పని దయచేసి ఇప్పుడే కాదు, ఎప్పటికీ చేయించకండి.

క్లోజ్డ్ బాడీ వేరే విషయం. అందులో మీరు ఆశించిన లాభానికి ఆధారం ఉంది, కాబట్టి దాన్ని తీరిగ్గా చూడాలి. 95,000 పెడితే నెలకు 6,000 వస్తుందని, పదహారు నెలల్లో పెట్టుబడి తిరిగి వస్తుందని మీ లెక్క. అందులో మూడు విషయాలు లేవు.

మొదటిది, బండి షెడ్డులో నిలబడే రోజులు. బాడీ పనికి పన్నెండు రోజులు అన్నారట. మీకు రోజుకు 2,400 కిరాయి వస్తుంటే, డీజిల్ పోగా దాదాపు 1,530 మిగులుతుంది. పన్నెండు రోజులకు 18,000కు పైగా పోతుంది. కాబట్టి బాడీ అసలు ఖరీదు 1,13,000 పైమాటే. ఆ పన్నెండు రోజులు మీ దుకాణదారులు ఖాళీగా కూర్చోరు. ఇంకో బండి మాట్లాడుకుంటారు, అది అలవాటైతే వాళ్లను వెనక్కి తెచ్చుకోవడం తేలిక కాదు.

రెండోది బరువు. బండి, సరుకు కలిపి ఎంత ఉండవచ్చో ఆర్‌సీలో ఉన్న హద్దు అలాగే ఉంటుంది. ఇనుప ఫ్రేము, రేకులు, తలుపులతో బాడీ బరువు ఎంత పెరిగితే మీరు మోయగలిగే సరుకు అంత తగ్గుతుంది. షెడ్డు వాళ్లు చెప్పిన 300 కిలోలే నిజమనుకున్నా, 1,700 కిలోలది 1,400 అవుతుంది. పొద్దున మీరు వేసే పండ్ల లోడు పదహారు వందల దాకా ఉంటుందని మీరే రాశారు. ఆ రెండు వందల కిలోలు ఎక్కడ పెడతారు?

మూడోది, అన్నిటికంటే ముఖ్యమైనది, మీ కిరాయిలో సగానికి పైగా పండ్ల మార్కెట్ నుంచి వస్తోంది. ఏప్రిల్, మే ఎండల్లో గాలి ఆడని రేకు డబ్బాలో మామిడి, బొప్పాయి వేయడానికి ఏ వ్యాపారి ఇష్టపడతాడు? దించుకునేటప్పుడు కూడా ఓపెన్ బండికి మూడు వైపుల నుంచి అందుతాయి, క్లోజ్డ్ బండికి వెనక తలుపు ఒక్కటే దారి. 6,000 కోసం చేయించే మార్పు 42,000 ఇచ్చే పనికి అడ్డు వస్తుంది. మీ ఆవిడ ఏ కారణంతో వద్దన్నారో మీరు రాయలేదు కానీ, ఈ ఒక్క కారణం చాలు.

చట్టం సంగతి కూడా తెలుసుకోండి, ఎందుకంటే షెడ్డు వాళ్లు ఇది చెప్పరు. 1988 నాటి మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ప్రకారం, తయారీదారు ఇచ్చిన వివరాలకు ఆర్‌సీ వివరాలు భిన్నమయ్యేలా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు ఇదే విషయాన్ని గట్టిగా చెప్పింది. అదే ఏడాది వచ్చిన సవరణలో, అనుమతి లేని ఒక్కో మార్పుకు యజమానికి 5,000 జరిమానా, లేదా ఆరు నెలల వరకు జైలు, లేదా రెండూ అని పెట్టారు. మీ బండి ఫైనాన్స్‌లో ఉంది కాబట్టి వాళ్ల రాతపూర్వక అంగీకారం కూడా ఉండాలి. ఎనిమిదేళ్లు నిండేదాకా రెండేళ్లకోసారి, ఆ తరవాత ఏటా ఫిట్‌నెస్ పరీక్షకు వెళ్లాలి. ఆర్‌సీలో ఓపెన్ బాడీ అని ఉండి, ఎదురుగా రేకు డబ్బా కనిపిస్తే అక్కడే ఆగిపోతుంది. ‘మేం చూసుకుంటాం’ అన్న షెడ్డు వాళ్లు ఆ రోజు మీ పక్కన ఉండరు.

అల్లాయ్ వీల్స్, వెడల్పు టైర్ల గురించి ఎక్కువ చెప్పనక్కర్లేదు. డీజిల్ ఖర్చు పెరుగుతుంది, కిరాయి పెరగదు. పాత టైర్లు అరిగాక కంపెనీ చెప్పిన సైజులో, లోడుకు సరిపడే రకం వేయించండి.

రంగులు, మ్యూజిక్ సిస్టమ్ గురించి మాత్రం మిమ్మల్ని మందలించాలని నాకు లేదు. తోటి డ్రైవర్ల బండ్ల పక్కన మీ బండి వెలవెలబోతోందని రాశారు. రోజుకు పన్నెండు గంటలు ఆ క్యాబిన్‌లో గడిపే మనిషికి అది అందంగా, సుఖంగా ఉండాలనిపించడం న్యాయమే. నడుము నొప్పి అని కూడా రాశారు కాబట్టి సీటు కుషన్ మార్పించుకోండి, చిన్న ఫ్యాను పెట్టించుకోండి. మంచి సీటు మీ ఆరోగ్యానికి, అంటే మీ ఇంటి సంపాదనకు పనికొచ్చే ఖర్చు.

ఇక పెట్టాల్సిన ఖర్చు. మధ్యాహ్నం కిరాయిల్లో జనం క్లోజ్డ్ బండి ఎందుకు అడుగుతున్నారు? వానకు పరుపులు తడుస్తాయని, కుదుపులకు బీరువాకు గీతలు పడతాయని. ఆ రెండు భయాలూ తీర్చడానికి రేకు డబ్బా అవసరం లేదు. బరువైన మంచి తార్పాలిన్, సామాను బిగించే బెల్టులు, ఫర్నిచర్‌కు చుట్టే మందపాటి పాత దుప్పట్లు, కింద పరిచే రబ్బరు షీటు తీసుకోండి. సీటు, ఫ్యానుతో కలిపి 15,000 దాటనివ్వకండి. ఇవేవీ ఆర్‌సీని ముట్టుకోవు, బండి ఒక్క రోజు కూడా ఆగదు, పొద్దున మడిచి పెట్టేస్తే పండ్ల లోడుకు అడ్డు రావు. జూన్ నుంచి సెప్టెంబరు దాకా నగరంలో ఎప్పుడు వాన పడుతుందో తెలియని రోజుల్లో, దుప్పట్లు చుట్టి, తార్పాలిన్ కప్పి తడవకుండా దింపుతానని ముందే ఫోన్‌లో చెప్పి, ఆ మేరకు ఎక్కువ అడగండి. ఇల్లు మారేవాళ్లు సామాను భద్రంగా చేరుతుందంటే రెండు మూడు వందల దగ్గర బేరం ఆడరు.

మీ ఉత్తరంలో నన్ను ఆపేసిన వాక్యం ఇంకొకటి ఉంది. తెల్లవారుజామున మార్కెట్‌కు వెళ్లేటప్పుడు అయిదు దుకాణాల ఖాళీ క్రేట్లు ఉచితంగా తీసుకెళ్తున్నానని రాశారు. ఎందుకు ఉచితం? అది వాళ్లకు అవసరమైన పని, మీ డీజిల్‌తో జరుగుతున్న పని. దుకాణానికి రోజుకు 40 రూపాయలు అడగండి. నెలకు పాతిక రోజులు పట్టుకుంటే 5,000 అవుతుంది. అందరూ ఒప్పుకోకపోవచ్చు, ముగ్గురు ఒప్పుకున్నా 3,000. పైసా పెట్టుబడి లేకుండా పార్సిల్ ఏజెంటు చెప్పిన దాంట్లో సగం.

ఆ ఏజెంటుతో మాట తెంచుకోకండి. కానీ మూడు ప్రశ్నలు అడిగి, జవాబు కాగితం మీద రాయించుకోండి: నెలకు కనీసం ఎన్ని రోజుల పని ఖాయం, పని లేని రోజున ఏమిస్తారు, బిల్లు పెట్టిన ఎన్ని రోజులకు డబ్బు చేతికి వస్తుంది. పార్సిల్ పనిలో డబ్బు నెల తరవాతగానీ రాదంటే, ఆ నెల డీజిలంతా మీరే పెట్టుకోవాలి. రాసివ్వనని అంటే ఆ 6,000ను మీ లెక్కల్లోంచి కొట్టేయండి.

దాచుకున్న 70,000లో పైన చెప్పిన 15,000 పోగా, 30,000 ఇన్సూరెన్స్, టైర్ల కోసం వేరే ఖాతాలో వేయండి. మిగిలిన 25,000 మీ ఇంటికి ఒక నెల అద్దె, ఖర్చులకు సరిగ్గా సరిపోతుంది. జ్వరం వచ్చి పది రోజులు బండి తీయలేకపోతే ఆదుకునేది అదే, దాన్ని బండికి తాకించకండి. క్రేట్ల డబ్బు వచ్చిన నెల నుంచి దాన్ని కూడా వేరే ఖాతాలోనే వేయండి.

ఇరవై నెలలు పూర్తయ్యాక ఫైనాన్స్ వాళ్ల దగ్గర ఎన్‌ఓసీ, అంటే తమకు అభ్యంతరం లేదనే పత్రం, తీసుకుని ఆర్‌సీలోంచి వాళ్ల పేరు తీయించండి. అప్పటి నుంచి నెలకు 14,200 మీ చేతిలో ఉంటుంది, ఏడు నెలల్లో 99,400 అవుతుంది. అప్పటికీ క్లోజ్డ్ బండికి గిరాకీ ఉందని మీ సొంత అనుభవంలో తేలితే, ఈ బండిని మార్చడమా, దీన్ని ఓపెన్‌గానే ఉంచి కంపెనీ నుంచే క్లోజ్డ్‌గా వచ్చిన పాత బండి ఒకటి చూడటమా అన్నది అప్పుడు ఆలోచిద్దాం. రెండో బండికి అప్పు అవసరమైతే ముద్ర పథకం కింద బ్యాంకులో అడగండి. 50,000 దాటి 5 లక్షల దాకా కిశోర్ విభాగంలో తాకట్టు లేకుండా ఇస్తారు. నూటికి రెండు రూపాయల వడ్డీ జోలికి మాత్రం వెళ్లకండి.

షెడ్డులో ఇచ్చిన 2,000 అడ్వాన్సు గురించి కూడా అడిగారు. తిరిగి ఇమ్మని మర్యాదగా అడగండి. ఇవ్వకపోతే, వెనక డోరు కీలు వదులైందని రాశారు కదా, దాని వెల్డింగూ, తార్పాలిన్ తాళ్లు కట్టడానికి పక్కల కొక్కేలూ ఆ డబ్బుతో చేయించుకోండి. సగం రోజు పని, పండ్ల లోడు దించాక వెళ్తే మధ్యాహ్నం కిరాయి కూడా తప్పదు.