క్వార్టర్‌బ్యాక్‌ని చూసేటప్పుడు చెయ్యి తర్వాత, ముందు కాళ్ళు చూడు

అల్లుడూ,

అమెరికన్ ఫుట్‌బాల్ టీమ్‌కి కొత్త ఆటగాళ్ళని వెతికే స్కౌటింగ్ డిపార్ట్‌మెంట్‌లో ఇంటర్న్‌షిప్ వచ్చిందని మీ అమ్మ చెప్పినప్పుడు ఎంత సంతోషం వేసిందో, నిన్న నీ మెసేజ్ చూశాక అంత కంగారూ వేసింది. టీమ్‌లు కాలేజీ ఆటగాళ్ళని వంతులవారీగా ఎంచుకునే డ్రాఫ్ట్‌కి ముందు, బంతి విసిరి ఆట నడిపే క్వార్టర్‌బ్యాక్‌లు ఐదుగురి మీద రిపోర్ట్ రాసిమ్మన్నారు, నువ్వేమో హైలైట్స్ వీడియోలతో మొదలుపెట్టానంటున్నావు. ముందు అవి ఆపెయ్ నాన్నా. హైలైట్స్‌లో ప్రతివాడూ మొనగాడే.

నేనెప్పుడూ ఎన్ఎఫ్ఎల్ అనే ఆ ప్రొఫెషనల్ లీగ్‌లో పని చెయ్యలేదు, కానీ మా పెద్దోడు ఆడిన రోజుల నుంచి ఇక్కడ టెక్సాస్‌లో పాతికేళ్ళుగా శుక్రవారం రాత్రి స్టాండ్స్ పైన కెమెరా పెట్టి హైస్కూల్ టీమ్‌కి ఫిల్మ్ తీయడం, శనివారం పొద్దున్నే కోచ్ పక్కన కూర్చుని ఒక్కో ప్లేని, అంటే బంతి కదిలినప్పటి నుంచి ఆగేదాకా జరిగేదాన్ని, పదిసార్లు వెనక్కి తిప్పి చూడటం, ఇదే నా పని. అక్కడ నేర్చుకున్నదే నీకు చెప్తున్నా.

నీకు ఆల్ 22 ఫిల్మ్ ఇస్తారు కదా, పైనుంచి ఇరవైరెండు మందీ కనపడేది, కామెంటరీ ఉండదు, అదే మనకి కావాల్సింది. అందులో నువ్వు చూసే క్వార్టర్‌బ్యాక్ ఓడిపోయిన రెండు గేమ్‌లు ముందు పెట్టుకో. వాటిలోంచి థర్డ్ డౌన్‌లో (పది గజాలు దాటడానికి ఇచ్చే నాలుగు ప్రయత్నాల్లో మూడోది) ఏడెనిమిది గజాలు కావాల్సిన ప్లేలు, పాకెట్, అంటే వాడి చుట్టూ లైన్‌మెన్ కట్టే రక్షణ గోడ, కూలిపోయిన ప్లేలు విడిగా తీసిపెట్టుకో. ఒక్కో ప్లేకి రెండుసార్లు పాజ్ కొట్టు. స్నాప్, అంటే ప్లే మొదట్లో వెనక్కిచ్చే బంతి, అందుకుని వెనక్కి వెళ్ళి వెనక కాలు నేలకి ఆనించినప్పుడు ఒకసారి, ఆ క్షణానికి బంతి చేతిలోంచి వెళ్ళిపోతూ ఉండాలి, లేదంటే హెల్మెట్ రెండో రిసీవర్ (విసిరిన బంతి పట్టేవాడు) వైపు తిరుగుతూ ఉండాలి, ఇంకా మొదటివాడినే పట్టుకుని చూస్తున్నాడంటే రాసుకో. రెండోసారి, మీదకొచ్చేవాడి చెయ్యి ఇంకో అడుగులో తగులుతుందనగా పాజ్ కొట్టు, అప్పుడు కాళ్ళు చూడు, కళ్ళు చూడు. భయపడేవాడు కళ్ళు దించేసి తన మీదకొచ్చేవాణ్ణి చూస్తాడు, పాదాలు గబగబా తొక్కేస్తాడు. నిలబడేవాడు ఒక్క అడుగు ముందుకో పక్కకో వేస్తాడు, చూపు మాత్రం దూరంగా ఉన్న చివరి డిఫెండర్, అంటే సేఫ్టీ మీదే ఉంటుంది.

మా స్కూల్లో ఒక పిల్లాడు ఉండేవాడు, సన్నగా ఉండేవాడు, విసిరితే బంతి గాల్లో ఊగుతూ వెళ్ళేది. ఒక రాత్రి వానలో థర్డ్ అండ్ నైన్, అంటే మూడో ప్రయత్నం, తొమ్మిది గజాలు కావాలి, ఎదుటి టీమ్ లైన్‌బ్యాకర్ నేరుగా వీడి మీదకే వస్తున్నాడు, వీడు అరడుగు ఎడమకి జరిగి, రెండు చేతులతో బంతిని గుండెకి ఆనించుకుని, ఆగి, వాడు పక్కనుంచి జారిపోగానే మధ్యలో పన్నెండు గజాలు వేశాడు. అంతకుముందు ప్లేలోనే ఈ పిల్లాడికి గట్టి దెబ్బ తగిలింది కూడా, అయినా నడకలో తేడా లేదు. కోచ్ ఆ ప్లేని నాలుగుసార్లు చూసి, చెయ్యికి బలం జిమ్‌లో తెప్పిస్తా కానీ ఇది నేనెక్కణ్ణుంచి తెస్తాను అన్నాడు. అప్పటినుంచి నేను వెతికేది అదే.

తర్వాత లీగ్‌లోనే గొప్ప క్వార్టర్‌బ్యాక్ అనిపించుకున్న టామ్ బ్రేడీ గురించి అందరూ కంబైన్ (డ్రాఫ్ట్‌కి ముందు పెట్టే పరుగు, బలం పరీక్షలు) ఫోటో చూపిస్తారు, 40 గజాలు 5.28 సెకన్లు పరిగెత్తాడు, 2000 డ్రాఫ్ట్‌లో 199వ పిక్, అంటే 198 మంది తర్వాత ఎంచుకున్నారు అంటారు. కానీ ఆ ఏడాదే జనవరి 1న ఆరెంజ్ బౌల్‌లో అలబామా మీద బ్రేడీ కాలేజీ మిషిగన్ రెండుసార్లు 14 పాయింట్లు వెనకబడి ఓవర్‌టైమ్‌లో 35-34తో గెలిచింది, బ్రేడీ 369 గజాలు, నాలుగు టచ్‌డౌన్‌లు వేశాడు. అంత పెద్ద గేమ్ ఫిల్మ్ అందరి దగ్గరా ఉంది, అయినా అందరూ స్టాప్‌వాచ్‌నే నమ్మారు. అందుకే ఇండియానాపొలిస్ కంబైన్ నంబర్లు, ప్రో డే (కాలేజీలోనే స్కౌట్‌లకి ఆట చూపించే రోజు) త్రోలు చివర్లో చూడమంటున్నా. ప్రో డేలో ఎదురుగా డిఫెన్స్ ఉండదు, అది నెట్స్‌లో సిక్సులు కొట్టడం లాంటిది. 2007లో జమార్కస్ రసెల్ చేతి బలం చూసి మొదటి పిక్ ఇచ్చారు, మూడు సీజన్లు ఆడాక లీగ్‌లో లేడు.

అయితే నా తప్పు కూడా నీకు తెలియాలి. 2018లో నా నోట్‌బుక్‌లో జాష్ అలెన్ పేరు పక్కన వద్దు అని పెద్ద అక్షరాలతో రాశా. వ్యోమింగ్ కాలేజీలో కంప్లీషన్, అంటే రిసీవర్‌కి అందిన పాస్‌లు, 56 శాతమే, గురి లేనోడికి గురి రాదు అనుకున్నా. మొదటి ఏడాది బఫెలో టీమ్‌లో 52.8 వచ్చినప్పుడు నేనే రైట్ అనుకున్నా, 2020కి అది 69.2 అయింది. కాళ్ళ పొజిషన్ దిద్దుకున్నాడు, కోఆర్డినేటర్ డాబోల్ ఓపిగ్గా కూర్చున్నాడు, రిసీవర్ స్టెఫాన్ డిగ్స్ వచ్చాడు. నేను చూడనిది ఏంటంటే, హైస్కూల్ అయ్యాక ఒక్క పెద్ద కాలేజీ పిలవకపోతే రీడ్లీ అనే చిన్న కాలేజీలో ఆడుతూ ఊరూరా కోచ్‌లకి ఈమెయిల్స్ పంపుకున్న కుర్రాడు వాడు. అలాంటివాడు దిద్దుకుంటాడని నేను లెక్కేసుకోవాల్సింది. కాబట్టి నువ్వు రెండేళ్ళ ఫిల్మ్ పక్కపక్కన పెట్టి మారాడా లేదా చూడు. జో బరో 2018లో ఎల్ఎస్‌యూ కాలేజీలో 16 టచ్‌డౌన్‌లు, మరుసటి ఏడాది 60, రిసీవర్లు చేజ్, జెఫర్సన్ అన్నది నిజమే, కానీ చెయ్యి పెట్టే చోటు లేని సందుల్లోకి వేసింది వాడే కదా.

ఎన్ని గేమ్‌లు ఆడాడన్నది మాత్రం తేలిగ్గా తీసుకోకు. ట్రుబిస్కీ కాలేజీలో 13 స్టార్ట్‌లు (మొదటి నుంచి ఆడిన గేమ్‌లు) మాత్రమే చేసి 2017లో రెండో పిక్ అయ్యాడు, తర్వాత లీగ్‌లో పెద్ద స్టార్ అయిన మహోమ్స్ అదే డ్రాఫ్ట్‌లో పదో పిక్. ట్రే లాన్స్‌వి 17 స్టార్ట్‌లు, వాడికోసం ఫార్టీనైనర్స్ టీమ్ వాళ్ళు మూడు ఫస్ట్ రౌండ్ పిక్స్ ఇచ్చారు, పాపం 2022లో చీలమండ విరిగింది. ఆ ఏడాదే చిట్టచివరి 262వ పిక్‌తో తీసుకున్న పర్డీ, అయోవా స్టేట్‌లో నాలుగేళ్ళు ఆడొచ్చినవాడు, ఫార్టీనైనర్స్‌ని లీగ్ ఫైనల్ సూపర్ బౌల్ దాకా తీసుకెళ్ళాడు. అనుభవం ఉంటే చాలని కాదు, తక్కువ గేమ్‌లు చూసి గట్టిగా రాయొద్దంటున్నా. తెలియనిచోట ఇంతే చూశాను అని రాయి, ఇంటర్న్ అలా రాస్తే ఎవరూ చిన్నబుచ్చరు.

టెస్టుల సంగతి కూడా అంతే, 2023లో స్ట్రౌడ్‌కి ఎస్2 అనే చురుకుదనం పరీక్షలో స్కోర్ 18 వచ్చిందని లీక్ చేసి నానా మాటలన్నారు, వాడు ఆ ఏడాది కొత్తగా వచ్చినవాళ్ళలో బెస్ట్ అఫెన్సివ్ రూకీ అయ్యాడు. ఇంటర్వ్యూలైతే పెళ్ళిచూపుల్లాంటివి, అందరూ బుద్ధిమంతులే. ఒక పని చెయ్, నువ్వు చూసే క్వార్టర్‌బ్యాక్‌ని కాపాడుతూ బ్లాక్ చేసిన లైన్‌మెన్‌లో ఎవరితోనైనా మాట్లాడే అవకాశం వస్తే వదలొద్దు, ఇంటర్‌సెప్షన్ అయ్యాక (వాడు విసిరిన బంతి ఎదుటివాళ్ళు పట్టేశాక), టీమంతా గుమిగూడే హడిల్‌లో ఏమన్నాడు అని అడుగు.

ఇంకొకటి, రిపోర్ట్ చివర్లో వాడు వెళ్ళే టీమ్ గురించి ఒక పేరా పెట్టు, అడక్కపోయినా పెట్టు. డేవిడ్ కార్‌ని 2002లో మొదటి పిక్‌గా తీసుకుని కొత్త టీమ్‌లో నిలబెట్టారు, మొదటి ఏడాదే 76 సాక్‌లు (బంతి విసరకముందే కింద పడేయడం) తిన్నాడు. మహోమ్స్ ఏమో మొదటి ఏడాది దాదాపు అంతా సీనియర్ క్వార్టర్‌బ్యాక్ అలెక్స్ స్మిత్ వెనక కూర్చుని చూశాడు. ఇరవైరెండేళ్ళ పిల్లలు వాళ్ళు, నీ ఈడువాళ్ళు, నువ్వు రాసే రెండు పేజీలు వాళ్ళ బతుక్కి సంబంధించినవి, అది గుర్తుపెట్టుకుని రాయి.

నీ గ్రేడ్ రాసేదాకా మాక్ డ్రాఫ్ట్‌లు (ఎవరిని ఏ టీమ్ తీసుకుంటుందో ముందే వేసే అంచనాలు), ఆఫీసులో సీనియర్ల రిపోర్టులు చూడకు, ఒకసారి చూశావంటే నీ కళ్ళు కూడా వాళ్ళు చూసిందే చూస్తాయి. నోట్‌బుక్‌లో పెన్నుతో రాసి, తేదీ వేసి, ఆ తర్వాత వాళ్ళది తెరువు, తేడా ఉన్నచోటే మళ్ళీ ఫిల్మ్ పెట్టు.

మొదటివాడి రెండు ఓటమి గేమ్‌లు శనివారానికి పూర్తిచెయ్. ఆదివారం పొద్దున టిఫిన్ అయ్యాక ఫోన్ చేస్తా, పాజ్ కొట్టిన ప్లేల లిస్ట్ దగ్గర పెట్టుకో.

మీ మామయ్య