పోయినవాడికి తాగుడు అంటగట్టకు

చిట్టితల్లీ,

నీ నవల మొదటి ఆరు అధ్యాయాలూ రెండుసార్లు చదివాను. భర్త పోయిన నలభై నాలుగేళ్ల మనిషి మళ్ళీ ప్రేమలో పడటం గురించి రాయడానికి కూర్చున్నావని తెలిసి ఎంత సంతోషించానో! ఒక్కచోట మాత్రం మనసు చివుక్కుమంది. మూడో అధ్యాయంలో పోయిన భర్తకు తాగుడు అంటగట్టావు.

ఎందుకలా చేశావో నాకు తెలుసు. నా మొదటి నవలలో నేనూ అదే పని చేశాను. అతను చెడ్డవాడైతే ఆమె ఇంకొకరిని ప్రేమించినా ఎవరూ వేలెత్తి చూపరు, చదివేవాళ్లు వెంటనే ఆమె పక్షం చేరిపోతారు. కానీ అప్పుడది చెర విడిపించుకున్న మనిషి కథ అవుతుంది. అదీ రాయదగ్గదే, నువ్వు మొదలుపెట్టింది మాత్రం వేరు. మంచి భర్తను పోగొట్టుకుని, అతన్ని ఇంకా ప్రేమిస్తూనే మరొకరిని ప్రేమించడం ఎంత కష్టమో రాయి. అలాగని అతన్ని దేవుణ్ణీ చెయ్యకు. గురక పెట్టనీ, పుట్టినరోజులు మరిచిపోనీ, తడి తువ్వాలు మంచం మీద పడేయనీ. ఆ తువ్వాలు లేని మంచం చూసి ఆమె ఏడిస్తే నేను నమ్ముతాను.

దుఃఖాన్ని మెట్లుమెట్లుగా రాయకు. నిరాకరణ, కోపం, బేరం, కుంగుబాటు, అంగీకారం అంటూ అధ్యాయానికొకటి పంచినట్టున్నావు. ఎలిజబెత్ కుబ్లర్-రాస్ అనే మనోవైద్యురాలు 1969లో ఆ అయిదు దశలు రాసింది చావు దగ్గరపడ్డ రోగులను చూసి. వెనక మిగిలినవాళ్ల దుఃఖానికి వాటిని అన్వయించడం తర్వాత వచ్చింది. నాకు ఎక్కువ పనికొచ్చింది 1999లో మార్గరెట్ స్ట్రోబ్, హెంక్ షుట్ అనే పరిశోధకులు చెప్పిన మాట. అయినవాళ్లను పోగొట్టుకున్నవాళ్లు దుఃఖానికీ, కొత్త బతుకు పనులకీ మధ్య అటూ ఇటూ ఊగుతుంటారట. నీ నాయికను అలా ఊగనీ. పొద్దున బ్యాంకులో అతని పేరు తీయించి వస్తుంది, మధ్యాహ్నం కొత్త స్నేహితుడితో కడుపుబ్బ నవ్వుతుంది, రాత్రి ఎవరూ ఫోన్ చెయ్యని భర్త ఫోన్‌కు ఛార్జింగ్ పెడుతుంది. అన్నీ ఒకే రోజు.

నవ్వంటే గుర్తొచ్చింది. తప్పు చేశానన్న భావన ఆమెకు మొదటి ముద్దు తర్వాత కలిగినట్టు రాశావు. నాకది అంతకన్నా చాలా ముందే వచ్చింది. ఆయన పోయాక తొలిసారి గట్టిగా నవ్విన రోజు, నవ్వు సగంలో ఆపేసి, ఎవరైనా విన్నారేమోనని చుట్టూ చూశాను. ఏళ్ల తర్వాత రెండో పెళ్లి చేసుకున్న రోజు కూడా అంత భయపడలేదు.

ఇక కొత్తగా వచ్చినవాడు. మంచివాడే, ఓదారుస్తాడు, ఎదురుచూస్తాడు. అంతకుమించి ఏమీ లేదు అతనిలో. అతనికీ ఒక భయం పెట్టు. పోయినవాడికి వయసు పెరగదు, కొత్త తప్పులు చెయ్యడు. అలాంటివాడితో ఎవరు పోటీపడగలరు? అతన్ని ఒక్కసారైనా అసూయపడనీ, ఆ అసూయకు సిగ్గుపడనీ. చివరికి, "ఈ పాట ఆయనకు ఇష్టమా?" అని ఆమెను మామూలుగా అడగగలగాలి. ఆమె అతన్ని నమ్మడం మొదలయ్యేది ఆ ప్రశ్న దగ్గరే.

కూతురు తలుపు ధడాలున వేసుకునే సన్నివేశం తీసెయ్, చాలాసార్లు చదివేశాం. తల్లి బయటికి వెళ్తుంటే చీర తనే ఎంచి ఇచ్చిన పిల్ల, వారం తర్వాత నాన్న ఫోన్‌కు ఛార్జింగ్ ఎందుకు పెట్టలేదని విరుచుకుపడనీ.

ఆమె కోరిక గురించి రాసేటప్పుడు వెన్నెల చాటుకు తప్పుకోకు. ఆమెకు శరీరం ఉంది. ఇన్నేళ్లూ ఎవరూ తాకని చెయ్యి ఉంది. అక్కడ ఆగి, నెమ్మదిగా రాయి.

ప్రేమ నవల తెరిచినవాళ్లు చివర ఆశ దొరుకుతుందన్న నమ్మకంతో తెరుస్తారు, దాన్ని నిలబెట్టు. దానికోసం గోడ మీది ఫొటో తీయించక్కర్లేదు. నీ పథకంలో ఆఖరి సన్నివేశం అదేనని రాశావు. ఫొటో అక్కడే ఉండనీ. దాని మీది దుమ్ము కొత్తవాడు తుడిస్తే ఎలా ఉంటుందో రాసి చూడు.

ముందు మూడో అధ్యాయం తిరగరాసి పంపు. ఎదురుచూస్తుంటాను.

నీ పెద్దమ్మ