డిగ్రీ అయ్యాక ఇంటెలిజెన్స్ ఉద్యోగంలోకి ఎలా వెళ్లాలి?

అడిగిన తమ్ముడిది జడ్చర్ల, బీకాం చివరి సంవత్సరం. విదేశీ గూఢచర్యం చూసే ‘రా’లో చేరాలని ఉంది, ఎక్కడ అప్లై చేయాలి, హైదరాబాద్ అశోక్‌నగర్‌లో రూము తీసుకొని కోచింగ్‌కు పోక తప్పదా, ఇంట్లో చెప్పొచ్చా అని అడిగాడు.

మాది దేవరకొండ దగ్గర పల్లె. నేను దేశం లోపలి నిఘా చూసే ఇంటెలిజెన్స్ బ్యూరో (ఐబీ)లో ఏసీఐఓ, అంటే అసిస్టెంట్ సెంట్రల్ ఇంటెలిజెన్స్ ఆఫీసర్ పరీక్ష రాసి ఇంటర్వ్యూ దాకా వెళ్లాను, రాలేదు. ఇప్పుడు టీచర్ని. మా సొంత తమ్ముడు ఐబీలోనే సెక్యూరిటీ అసిస్టెంట్‌గా చేరాడు. వాడి పని గురించి ఇంట్లో మాట ఎత్తడు, మేమూ అడగం. కానీ చేరేదాకా జరిగిన తతంగమంతా మా అరుగు మీదే జరిగింది కాబట్టి అది చెప్తాను.

ముందు రా సంగతి. బీకాం సర్టిఫికెట్ పట్టుకొని నేరుగా అప్లై చేసుకునే సంస్థ కాదు అది. 1968లో ఐబీ నుంచే విడదీసి పెట్టారు, క్యాబినెట్ సెక్రటేరియట్ కింద ఉంటుంది. పోలీసు, ఇతర సర్వీసుల నుంచి డిప్యుటేషన్ మీద వెళ్లేవాళ్లే చాలామంది. ఈ మధ్య క్యాబినెట్ సెక్రటేరియట్ పేరుతో డిప్యూటీ ఫీల్డ్ ఆఫీసర్ టెక్నికల్ పోస్టులు పడ్డాయి కానీ వాటికి ఎక్కువగా ఇంజినీరింగ్, సైన్స్ వాళ్లు రాసే గేట్ పరీక్ష స్కోరు కావాలి. కాబట్టి నీకు కుదిరేది ఐబీ. అది కేంద్ర హోం శాఖ కింద ఉంటుంది, 1887 నాటిది.

ఐబీలో డిగ్రీతో ఏసీఐఓ గ్రేడ్ 2, పదో తరగతితో సెక్యూరిటీ అసిస్టెంట్. 2025లో దేశం మొత్తానికి ఏసీఐఓ 3,717, సెక్యూరిటీ అసిస్టెంట్ 4,987 పోస్టులు పడ్డాయి. ప్రతి ఏడూ ఇట్లాగే పడతాయనుకోకు, 2023లో ఏసీఐఓ 995 మాత్రమే. రెండింటికీ వయసు 18 నుంచి 27. ఓబీసీకి మూడేళ్లు, ఎస్సీ, ఎస్టీలకు ఐదేళ్లు సడలింపు. మూలవేతనం ఏసీఐఓకు 44,900, సెక్యూరిటీ అసిస్టెంట్‌కు 21,700, దాని మీద 20 శాతం స్పెషల్ సెక్యూరిటీ అలవెన్స్. దేశంలో ఎక్కడికి వేసినా పోవాలి.

కోచింగ్ గురించి నా అభిప్రాయం: లెక్కలు, రీజనింగ్, కరెంట్ అఫైర్స్ అన్నీ స్టాఫ్ సెలక్షన్ కమిషన్ పెట్టే ఎస్ఎస్‌సీ, బ్యాంకు పరీక్షలవే. దానికోసం నెలనెలా హాస్టల్ ఫీజు కట్టి హైదరాబాద్‌లో ఉండక్కర్లేదు, జిల్లా గ్రంథాలయం చాలు. మొదటి పేపర్ గంటలో వంద ప్రశ్నలు, తప్పుకు పావు మార్కు కోత. మనవాళ్లు చిక్కుపడేది అక్కడ కాదు, ఇంగ్లిష్‌లో వ్యాసం రాయాల్సిన రెండో పేపర్లో. సెక్యూరిటీ అసిస్టెంట్‌కైతే ఐదు వందల పదాల అనువాదం ఉంటుంది, స్థానిక భాషలోంచి ఇంగ్లిష్‌లోకి, ఇంగ్లిష్‌లోంచి స్థానిక భాషలోకి. తెలుగు మీడియం పిల్లలకు ఇది వరం అని నేనంటాను, సాధన చేస్తేనే. నేను రోజూ పేపర్లో జిల్లా పేజీ తీసి ఒక వార్త మా వాడి ముందు పెట్టేదాన్ని. తేమ ఎక్కువుందని సీసీఐ కొనుగోలు కేంద్రంలో పత్తి తిప్పి పంపారు, రైతులు రోడ్డు మీద బైఠాయించారు – ఇంతే వార్త. దాన్ని ఇంగ్లిష్‌లో పెట్టడానికి మొదట్లో వాడికి అరపూట పట్టేది.

సర్టిఫికెట్ల దగ్గర చాలామంది దెబ్బతింటారు. మన రాష్ట్ర బీసీ సర్టిఫికెట్ అక్కడ చెల్లదు. కేంద్రం ఫార్మాట్‌లో ఓబీసీ నాన్ క్రీమీలేయర్, అంటే సంపన్న శ్రేణిలోకి రావని చెప్పే సర్టిఫికెట్ కావాలి. రాష్ట్రం జాబితాలో ఉన్న కొన్ని కులాలు కేంద్రం జాబితాలో లేవు, నీది ఉందో లేదో ఇప్పుడే చూసుకో. సెక్యూరిటీ అసిస్టెంట్‌కు ఈ రాష్ట్రం వాడివేనని నివాస ధ్రువపత్రం కూడా అడుగుతారు. అది మీసేవలో పెట్టుకుంటే తహసీల్దారు ఆఫీసు నుంచి వస్తుంది.

ఇక అసలు ఘట్టం వెరిఫికేషన్. సెలక్ట్ అయ్యాక అటెస్టేషన్ ఫారం ఇస్తారు. గత ఐదేళ్లలో ఏడాదికి పైగా ఎక్కడెక్కడ ఉన్నావో చిరునామాలతో సహా రాయాలి. మావాడు దిల్‌సుఖ్‌నగర్‌లో ఉన్న హాస్టల్ మూతపడి ఫర్నిచర్ షాపు అయింది. నేను పోయి ఆ గోడ మీది ఇంటి నంబరు రాసుకొచ్చాను. నువ్వు రూము మారినప్పుడల్లా ఇంటి నంబరు, ఓనరు పేరు ఒక నోట్‌బుక్కులో రాసి పెట్టుకో.

తర్వాత వెరిఫికేషన్ కోసం పోలీసు స్పెషల్ బ్రాంచ్ కానిస్టేబుల్ వచ్చాడు. సరాసరి మా ఇంటికి రాలేదు. ముందు కిరాణా కొట్టు దగ్గర ఆగి, పిలగాడు ఎవరితో తిరుగుతడు, తాగుడు అలవాటుందా, ఏ పార్టీ జెండా పట్టిండు అని అడిగాడట. మా అమ్మకు కాళ్లాడలేదు. నల్లమల అంచు ఊళ్లు కదా, నక్సలైట్ల రోజుల్లో పోలీసు జీపులు చూసినవాళ్లు. “ఏం చేసిండు బిడ్డా మీ తమ్ముడు?” అని నన్ను నిలదీసింది. కొలువు కోసమేనమ్మా అంటే నమ్మలేదు. ఆయన మా మంచం మీద కూర్చొని చాయ్ తాగి, పదో తరగతి మెమో చూసి, మా నాయిన సంతకం తీసుకున్నాకే స్థిమితపడింది.

కేసుల కాలమ్ జాగ్రత్త. వినాయక నిమజ్జనం రోజు కొట్లాటలో పేరెక్కి లోక్ అదాలత్‌లో రాజీ అయిన కేసైనా రాయాల్సిందే. కొట్టేసిన కేసు ఎందుకు రాయాలి అనుకోవద్దు. దాచడమే వేరే నేరంగా చూస్తారు. 2016లో అవతార్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది కూడా దాదాపు అదే: ఇచ్చే సమాచారం నిజమై ఉండాలి. చిన్న కేసైతే సంస్థ మన్నించొచ్చు, పెద్దది దాస్తే ఉద్యోగం తీసేయొచ్చు.

ఇంట్లో చెప్పాలా అన్నావు. అమ్మానాన్నలకు చెప్పు, ఎలాగూ కానిస్టేబుల్ వస్తాడు. వాట్సాప్ స్టేటస్ మాత్రం వద్దు. ఇంటెలిజెన్స్ సంస్థల్లో పనిచేసేవాళ్లు సంఘాలు పెట్టుకోకుండా, పత్రికలతో మాట్లాడకుండా 1985లో చట్టమే తెచ్చారు. మేం ఊళ్లో “సెంట్రల్ గవర్నమెంట్ ఆఫీసు” అని ఊరుకుంటాం. పెళ్లి సంబంధాలప్పుడు మాత్రం చచ్చే చావు వచ్చింది. పిల్ల తండ్రి ఏ ఆఫీసు, ఏ సీటు, పైన ఏమన్నా వస్తదా అని మూడు రకాలుగా అడిగి, చివరికి మావాణ్ని కాంట్రాక్టు ఉద్యోగి అనుకొని వెళ్లిపోయాడు!

ఒక్కటి గుర్తుపెట్టుకో. ఫోన్ చేసి ఐబీలో పోస్టు ఇప్పిస్తాం, ఇంత కట్టు అనేవాడు ఎవడైనా దొంగే. దరఖాస్తు హోం శాఖ వెబ్‌సైట్‌లో ఇచ్చే లింకులోనే. నోటిఫికేషన్ పడేదాకా ఖాళీగా కూర్చోకుండా స్టాఫ్ సెలక్షన్ కమిషన్ పెట్టే డిగ్రీ స్థాయి పరీక్ష సీజీఎల్ రాస్తూ ఉండు. అందులో కూడా ఐబీకి అసిస్టెంట్ సెక్షన్ ఆఫీసర్ పోస్టులు ఉంటాయి, సిలబస్ కూడా చాలా వరకు ఒకటే.