బరువు తగ్గించే సూదిమందు: పాఠకుల ప్రశ్నలు, డాక్టరు జవాబులు

ప్రశ్న: నా వయసు 43. గుంటూరు దగ్గర ఒక ఉన్నత పాఠశాలలో ఉపాధ్యాయినిని. ఎత్తు 157 సెం.మీ., బరువు 82 కిలోలు. ఈ మధ్య పరీక్ష చేయిస్తే మూడు నెలల సగటు షుగర్‌ను తెలిపే హెచ్‌బీఏ1సీ 6.2 వచ్చింది, మా అమ్మకు షుగర్ ఉంది. ఉదయం నాలుగు ఇడ్లీలు, బడికి అన్నం-పప్పు క్యారేజీ, సాయంత్రం టీతో బిస్కెట్లు, రాత్రి తొమ్మిదిన్నరకు అన్నం, కూర, పెరుగు నా భోజనం. మూడేళ్ల కిందట అన్నం మానేసి నాలుగు నెలల్లో 9 కిలోలు తగ్గాను. ఏడాది తిరక్కుండానే 11 కిలోలు పెరిగాను. డాలస్‌లో ఉన్న మా ఆడపడుచు వారానికొక ఇంజెక్షన్‌తో బాగా తగ్గింది. ఆ మందు పేరు సెమాగ్లూటైడ్. తాను సగం వాడిన దాని ఇంజెక్షన్ పెన్ను వచ్చే నెల తెచ్చిస్తానంటోంది. మా వారేమో, నోరు కట్టుకుని పొద్దున్నే నడిస్తే పోయేదానికి సూదులెందుకు, అది బద్ధకస్తుల దారి అంటున్నారు. నేనేం చేయాలి?
- పేరు ప్రచురించవద్దన్న పాఠకురాలు

జవాబు: అమ్మా, ముందుగా ఆ పెన్ను సంగతి. దాన్ని తెప్పించుకోవద్దు. బరువు కోసం ఈ మందును వారానికి 0.25 మిల్లీగ్రాములతో మొదలుపెట్టి, నాలుగేసి వారాలకు ఒక మెట్టు చొప్పున 2.4 దాకా పెంచుతారు. మీ ఆడపడుచు గారికి అలవాటైన మోతాదును మీరు మొదటి వారమే తీసుకుంటే వాంతులతో మంచం పట్టే ప్రమాదం ఉంది. పైగా, సూది మార్చినా సరే, ఒకరు వాడిన పెన్నును మరొకరు వాడకూడదు. రక్తం ద్వారా వచ్చే జబ్బులు సోకవచ్చు.

ఇక మీ వారి మాట. నేనూ చాలాకాలం అలా మాట్లాడినవాణ్ణే కనుక ఆయనను తప్పుపట్టలేను. కానీ మీరు పెరిగిన ఆ 11 కిలోలకు బద్ధకం కంటే బలమైన కారణం ఉంది. బరువు తగ్గగానే శరీరం దాన్ని కరవుగా భావించి, ఆకలి పుట్టించే గ్రెలిన్ హార్మోన్‌ను పెంచి, తృప్తిని తెలిపే లెప్టిన్‌ను తగ్గిస్తుంది. 2011లో వెలువడిన ఒక ఆస్ట్రేలియా అధ్యయనంలో, బరువు తగ్గిన ఏడాది తర్వాత కూడా ఈ మార్పులు పూర్వస్థితికి రాలేదు. భోజనం తర్వాత మన పేగులు విడుదల చేసే జీఎల్‌పీ-1 అనే హార్మోన్‌ను పోలిన మందే సెమాగ్లూటైడ్. అది మెదడులో ఆకలిని అణచి, కడుపు ఖాళీ కావడాన్ని నెమ్మదింపజేస్తుంది. బీపీ మాత్ర వేసుకునేవారిని మనం బద్ధకస్తులనడం లేదు కదా!

అయితే ‘మందా, నడకా’ అన్న మీ ఇంటి తగవులో ఇద్దరూ గమనించని విషయం ఒకటుంది. ఈ మందుపై జరిగి 2021లో ఫలితాలు వెలువడిన పరీక్షలో, మధుమేహం లేని 1,961 మంది పాల్గొన్నారు. వారందరికీ, అంటే ఉత్తుత్తి సూది వేసినవారికి కూడా, రోజుకు 500 కెలోరీలు తగ్గించే ఆహారాన్నీ వారానికి 150 నిమిషాల వ్యాయామాన్నీ సూచించారు. 68 వారాల్లో మందు వాడినవారు సగటున 14.9 శాతం, వాడనివారు 2.4 శాతం బరువు తగ్గారు. మీ బరువుకు లెక్కిస్తే సుమారు 12 కిలోలు ఒకవైపు, 2 కిలోలు మరొకవైపు. మందు తోడైతే వచ్చే తేడా అది. నడక మానేసి మందు మాత్రమే వాడితే ఏమవుతుందో ఆ పరీక్ష చెప్పలేదు.

నడకను తీసిపారేయడానికీ వీల్లేదు. మీలాగే షుగర్ అంచున ఉన్న 3,234 మందిపై అమెరికాలో జరిగి 2002లో వెలువడిన అధ్యయనంలో, 7 శాతం బరువు తగ్గడం లక్ష్యంగా ఆహారాన్నీ వ్యాయామాన్నీ పాటించినవారికి మధుమేహం రావడం 58 శాతం తగ్గింది. మెట్‌ఫార్మిన్ అనే షుగర్ మాత్రతో తగ్గింది 31 శాతమే. మన దేశంలో జరిగిన ఇటువంటి అధ్యయనంలో జీవనశైలి మార్పుతో వచ్చిన మేలు 28.5 శాతమని 2006లో తేలింది. 7 శాతమంటే మీకు 6 కిలోల లోపే.

మీ క్యారేజీ దగ్గరికి వద్దాం. మీరు రాసిన రోజంతటి భోజనంలో కూర ఒక్కసారి, అదీ రాత్రి, కనిపించింది. మాంసకృత్తులు పప్పులో, పెరుగులో, ఇడ్లీలోని మినప్పప్పులో ఉన్నంతే. సూదిమందు మొదలుపెడితే మీరు ఇంతకంటే తక్కువే తినగలరు. ఆ కొద్దిపాటి భోజనమూ అన్నమే అయితే కొవ్వుతోపాటు కండ కూడా కరుగుతుంది. అందుచేత గుడ్డో చేపో గట్టి పప్పో ముందు తిని, ఆ తర్వాతే అన్నం కలుపుకోండి. ఇడ్లీలు రెండు చేసి, పక్కన ఉడికించిన గుడ్డు పెట్టుకోండి. నడకతోపాటు, చేతులు ఆనించకుండా కుర్చీలోంచి లేచి కూర్చోవడం పూటకు పదిసార్లతో మొదలుపెట్టండి. దానికి జిమ్ అక్కర్లేదు, స్టాఫ్ రూము చాలు.

ఎత్తుతో బరువును పోల్చి చూసే మీ బి.ఎం.ఐ. 33 దాటింది, షుగర్ గడప దగ్గర ఉంది, గట్టిగా చేసిన ప్రయత్నం ఒకసారి తిరగబడింది. కనుక నా మొగ్గు మందు వైపే. కానీ ఆపేస్తే ఏమవుతుందో తెలిసి మొదలుపెట్టాలి. పైన చెప్పిన పరీక్షలో మందు మానిన ఏడాదికి, తగ్గిన బరువులో మూడింట రెండు వంతులు తిరిగి వచ్చింది. ఖర్చును మొదటి నెలకు కాక కనీసం రెండేళ్లకు లెక్కవేసి, భరించలేమనుకుంటే మొదలుపెట్టకండి. వికారం, మలబద్ధకం సాధారణం. పిత్తాశయంలో రాళ్లు, క్లోమం వాపు అరుదు కానీ ఉన్నాయి. మీకు గానీ, మీ రక్తసంబంధీకుల్లో ఎవరికైనా గానీ మెడుల్లరీ రకం థైరాయిడ్ క్యాన్సర్ వచ్చి ఉంటే ఈ మందు పనికిరాదు. మామూలు థైరాయిడ్ మాత్ర వాడుతుంటే మాత్రం అడ్డేమీ లేదు. మీ డాక్టరుకు ఇవన్నీ చెప్పి, మీ పేరున చీటీ రాయించుకోండి.

ప్రశ్న: వయసు 26, ఎత్తు 170 సెం.మీ., బరువు 72 కిలోలు. ఏ జబ్బూ లేదు. మూడు నెలల్లో పెళ్లి. ఫొటోల్లో పొట్ట కనబడకుండా ఈ ఇంజెక్షన్ వేసుకోవచ్చా?
- వరంగల్ నుంచి ఒక పాఠకుడు

జవాబు: వద్దు. ఈ మందును సాధారణంగా బి.ఎం.ఐ. 30 దాటినవారికి, లేదా 27 దాటి బీపీ, షుగర్ వంటి జబ్బులున్నవారికి రాస్తారు, మీది 25లోపు. పైగా మోతాదు పూర్తిస్థాయికి పెరగడానికే నాలుగు నెలలు పడుతుంది, మీ ముహూర్తం అంతకంటే ముందుంది. బొడ్డు దగ్గర టేపుతో కొలుచుకుని 90 సెం.మీ. దాటితే రాత్రి అన్నం సగం చేసి, రోజుకు ముప్పావుగంట చురుగ్గా నడవండి. షేర్వానీ కొలతలు మాత్రం పెళ్లికి పది రోజుల ముందు ఇవ్వండి.