షేర్ చేసిన ప్రింటర్ పాస్‌వర్డ్ అడుగుతోందా? అక్కడ పిన్ చెల్లదు

హాల్లో కంప్యూటర్‌కున్న ప్రింటర్ మీ ల్యాప్‌టాప్‌లో కనిపిస్తూనే "యాక్సెస్ డినైడ్" అంటోందంటే తప్పు చాలావరకు లాగిన్‌దే, డ్రైవర్‌ది కాదు. మీరు కొడుతున్న పిన్ ఆ కంప్యూటర్ ముందు కూర్చుంటేనే పనిచేస్తుంది, నెట్‌వర్క్‌లో చెల్లదు. అకౌంట్‌కి అసలు పాస్‌వర్డే పెట్టకపోయినా విండోస్ బయటి నుంచి రానివ్వదు, అందరూ వదిలేసేది ఇదే.

1. హాల్లో కంప్యూటర్‌లో ప్రింటర్ కోసమే ఒక లోకల్ అకౌంట్ (ఆ కంప్యూటర్‌కే పరిమితమైన అకౌంట్) చేసి, దానికి పాస్‌వర్డ్ పెట్టండి. "పాస్‌వర్డ్ ప్రొటెక్టెడ్ షేరింగ్" (పాస్‌వర్డ్ ఉన్నవాళ్లనే రానిచ్చే సెట్టింగ్) మాత్రం ఆఫ్ చేయకండి, మీ వైఫైలోకి వచ్చిన ప్రతివాళ్లకీ దారి దొరుకుతుంది.
2. కంప్యూటర్, ల్యాప్‌టాప్ రెండింట్లోనూ నెట్‌వర్క్ "ప్రైవేట్"లో ఉండాలి.
3. ల్యాప్‌టాప్‌లో క్రెడెన్షియల్ మేనేజర్ (విండోస్ లాగిన్ వివరాలు దాచుకునే చోటు) తెరిచి, విండోస్ క్రెడెన్షియల్స్‌లో ఆ కంప్యూటర్ పేరుతో ఉన్న పాత ఎంట్రీ తీసేసి కొత్తది చేర్చండి. యూజర్‌నేమ్ దగ్గర ముందు కంప్యూటర్ పేరు, తర్వాత \ గుర్తు, ఆపైన కొత్త అకౌంట్ పేరు, మధ్యలో ఖాళీ లేకుండా.
4. రీస్టార్ట్ చేసి ప్రింటర్‌ని మళ్లీ యాడ్ చేయండి.